ధర్మంలో వేసిన పాట

గట్టు లెక్కన ఏడో ఏడాది, 212వ రోజు

మొదటి జల్లెడ ఒత్తిడి సరిగా ఉంది. రెండోదాన్లో ఉప్పు పేరుకుంటే విప్పి కడిగాను. మూడోదాని వాషరు పోయిందని స్టోరుకి చెప్పాను. చెప్పడం ఇది నాలుగోసారి.

సముద్రపు నీళ్ళని తాగే నీళ్ళు చేసే ఈ నీళ్ళ గది సంగతులు తప్ప ఈ పుస్తకంలో మరేం రాయకూడదని మొదటి పేజీలోనే ఉంది. కానీ దీన్నెవరూ చదవరు. ఉప్పుగాలికి తెరలు చెడిపోతున్నాయని కాగితం పుస్తకం పెట్టారు, పెట్టినవాళ్ళే మర్చిపోయారు. కనక సగం పేజీ నీళ్ళకి, సగం పేజీ నాకు.

ఇవాళ పొద్దున్న నా పాటని ధర్మంలో వేశాను.

పాటల తెర మీద ఏది పెట్టాలన్నా రెండే గుమ్మాలు. ధరలో వేస్తే, విన్నప్పుడల్లా వినేవాళ్ళ కూలిలోంచి కొంచెం తెగి మనకొస్తుంది. ధర్మంలో వేస్తే ఎవరైనా వినొచ్చు, ఎలాగైనా వాడుకోవచ్చు, ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. వేలు పెట్టేముందు తెర మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ సరే అన్నాను.

ఏసుపాదం బాబాయి పక్కన నిలబడి చూశాడు. ఆయన నాకు చుట్టం కాదు. ఇక్కడికొచ్చాక బాబాయి అయ్యాడు. క్లారినెట్ వాయిస్తాడు. తాతల నాటి నుంచీ బ్యాండు మేళం వాళ్ళది. సముద్రం వాళ్ళ ఊళ్ళోకి వచ్చేశాక, అందరిలాగే ఆయనా, సముద్రానికి అడ్డంగా గట్టు కడుతున్న చోట నీళ్ళ మీద తేలే ఈ పంటుల మీదకి చేరాడు. నా పాటలో క్లారినెట్ ఆయనదే.

"ఊరికే వచ్చిందాన్ని ఊరికే పారేస్తారు అమ్మాయ్," అన్నాడు.

"గట్టు మీద రాళ్ళు పేర్చేవాళ్ళు పాట కోసం కూలి కోయించుకోవాలా బాబాయ్?"

"కూలి వద్దు. ఓ చేపముక్క ఇవ్వమను. ఏదో ఒకటి ఇచ్చినవాడు కూర్చుని వింటాడు."

"వినకపోతే పోనీ."

"నువ్వు పోనీ అంటావు. పాట అలా పోదు, ఎక్కడికో చేరుతుంది," అని క్లారినెట్ పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చేరనీ. చేరాలనేగా వేసింది.

213వ రోజు

జల్లెడలు సరిగా ఉన్నాయి. వాషరు రాలేదు.

పాట ఇది. రాయి మోసే మనిషి అలతో మాట్లాడుతున్నట్టు కట్టాను.

*ఆగవే అలా, కాసేపాగవే*
*అన్నం తిని వస్తా, ఆగవే*
*చెయ్యి కడుక్కు వస్తా, ఆగవే*
*చంటిదాన్ని చూసి వస్తా, ఆగవే*

నెమ్మదిగా పాడాలి. ప్రతి "ఆగవే" దగ్గరా ఊపిరి పూర్తిగా వదిలి, మళ్ళీ తీసుకుని ఎత్తుకోవాలి. ఇది వీరవేణి కోసం కట్టిన పాట. వీరవేణిది నా పక్క మంచం, గట్టు మీద రాళ్ళ జట్టులో చేస్తుంది. యంత్రాల కీళ్ళు ఉప్పుకి బిగుసుకుపోతాయి కనక, చివరి వరస రాళ్ళు మనుషులే పేర్చాలి. పొద్దున్న వెళ్ళినప్పుడు కబుర్లపోగులా ఉంటుంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు కంచం ముందు కూర్చుని ఏమీ మాట్లాడదు. ఆ అరగంటకి పాట ఉండాలనుకున్నాను.

217వ రోజు

వాషరు వచ్చింది, కొలత తప్పు.

భోజనాల షెడ్డులో నా పాట వినపడింది. వడ్డించే ఆవిడ గరిటె కంచానికి తట్టి "ఆగవే" అంటే, లైన్లో ఉన్నవాళ్ళు "అన్నం తిని వస్తా" అని అందుకున్నారు. నవ్వు ఆపుకోలేకపోయాను. నాది అని చెప్పలేదు. వీరవేణి ఊరుకుంటేగా! "ఇదుగో, ఇదే రాసింది" అని నా జబ్బ పట్టుకుని అందరికీ చూపించింది. ఎవరో నా కంచంలో పప్పుచెక్క వేశారు.

బాబాయికి ఆ పప్పుచెక్క తీసుకెళ్ళి ఇచ్చాను. "ఇదిగో, ఏదో ఒకటి ఇవ్వాలన్నావుగా."

కొరికి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. కానీ నవ్వాడు.

226వ రోజు

రెండో జల్లెడ మళ్ళీ. కడగలేదు, రేపు కడుగుతాను.

వీరవేణి అన్నానికి వచ్చి ఆగకుండా మాట్లాడింది. "ఒసే రత్నం, నీ పాట మేస్త్రి చెవిలో వేస్తున్నాడే! పొద్దుట్నుంచి అదే. పనంటే తెలియట్లేదు."

మేస్త్రి అంటే మనిషి కాదు. గట్టు మీద పనిచేసే ప్రతివాళ్ళ చెవిలోనూ చింతగింజంత బిళ్ళ ఉంటుంది. ఏ రాయి ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు పక్కకి తప్పుకోవాలో అదే చెప్తుంది. పని గంటల్లో తీయడానికి వీల్లేదు. చెవి మేస్త్రి అంటారు అందరూ. నీళ్ళ గది వాళ్ళకి అది లేదు.

నాకు సంతోషమే వేసింది. ఎందుకు అబద్ధం రాయాలి? అందరి చెవుల్లో నా గొంతు!

తర్వాత వీరవేణి మంచం అంచు మీద వేళ్ళతో తాళం వేస్తూ పాడి చూపించింది. నా పాటే. కానీ "ఆగవే" దగ్గర ఊపిరికి చోటు లేదు. ఒక ఆగవే మీద ఇంకో ఆగవే ఎక్కేస్తోంది.

"అంత తొందరగానా?"

"పొద్దున్న మామూలుగానే మొదలవుద్ది. పోనుపోను జోరందుకుంటుంది. భలే ఉంటదిలే."

మంచం మీద తను వేసిన దెబ్బలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. పైపులు కడుగుతుంటే అవే, మెట్లు ఎక్కుతుంటే అవే.

229వ రోజు

ఒత్తిడి చూడలేదు. ఆఫీసుకి వెళ్ళాను.

పని వేగం చూసే అధికారి శరభయ్య గారు. కుర్చీ చూపించి టీ తెప్పించారు. ఆయనే లేచి తలుపు వేసి, "మీ పాట మా ఇంట్లో కూడా వింటామమ్మా," అన్నారు.

"అది నెమ్మదిగా పాడాల్సిన పాటండి. ఆగమని చెప్పే పాట. మీరు దాన్ని పరుగెత్తిస్తున్నారు."

"మేం పరుగెత్తించడం లేదమ్మా. మేస్త్రి ఎవర్నీ బలవంతం చెయ్యదు. చేతులు ఎంత జోరుగా ఉంటే, దానికి ఒక్క పిసరు ముందు నడుస్తుంది, అంతే. చేతులు తగ్గితే అదీ తగ్గుతుంది. ఏం, జనానికి బాగానే ఉంది కదా?"

"నా పాట తీసెయ్యండి."

ఆయనకి కోపం రాలేదు. నిజంగానే అర్థం కానట్టు చూశారు. "ధర్మంలో వేసింది మీరే కదమ్మా. అందరికీ అన్నారు. మేం అందరిలో లేమా?"

టీ తాగకుండా లేస్తే, తలుపు దాకా వచ్చి, "వచ్చే పాట ధరలో వెయ్యండి. కంపెనీయే కొంటుంది," అన్నారు.

తిరిగొచ్చి రెండో జల్లెడ విప్పి, కడిగి, బిగించాను. మళ్ళీ విప్పాను. ఎందుకు విప్పానో నాకే తెలియలేదు.

233వ రోజు

వీరవేణి చెయ్యి రాళ్ళ మధ్య పడింది. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

అన్నం వేళకి ఇంకా కాసేపుందనగా జరిగిందట. జట్టులో వాళ్ళు చెప్పారు. కింద రాయి కుదురుకోకుండానే పై రాయి పెట్టేసింది. చెయ్యి తీసుకునే ఆ ఒక్క క్షణం తీసుకోలేదు.

234వ రోజు

ఆసుపత్రి పంటుకి వెళ్ళాను. చెయ్యంతా కట్టు. ముఖం మామూలుగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది.

"అలిసిపోలేదుటే వీరవేణీ నువ్వు? తెలియలేదా?"

"తెలియలేదే. పాట ఆగలా, నేనూ ఆగలా." ఎడమచేత్తో దుప్పటి సర్దుకుని, "ఓసారి పాడవే. నువ్వు మొదట పాడినట్టు, నెమ్మదిగా," అంది.

మొదలెట్టాను. రెండో ఆగవే దగ్గరే తొందర వచ్చేసింది. ఆపి మళ్ళీ ఎత్తుకున్నాను. మళ్ళీ అంతే. నా పాట, నేను కట్టిన పాట, నా నోట్లోనే మేస్త్రి పాడినట్టు వస్తోంది. మూడోసారి ప్రయత్నిస్తే వీరవేణి ఎడమచేత్తో నా మోకాలి మీద తట్టి, "పోనీలే, రేపు పాడుదువుగాని," అంది.

235వ రోజు

అన్నీ సరిగా ఉన్నాయి అని రాస్తున్నాను, చూడలేదు.

బాబాయి దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పలేదూ అంటాడనుకుని సిద్ధపడే వెళ్ళాను. అనలేదు. స్టవ్ మీద టీ పెట్టి, అది మరిగి మరిగి నల్లబడ్డాక గ్లాసుల్లో పోశాడు.

"పొద్దున్న పని కూత వింటావు కదా," అన్నాడు చివరికి.

వినకుండా ఎలా? సూర్యుడు రాగానే పదకొండు పంటులకీ వినపడేలా కూస్తుంది. కూతకి ముందు మూడు ముక్కల రాగం ఒకటి వస్తుంది.

"ఆ రాగం క్లారినెట్టే. నాదే."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

"మా పాప పుట్టినప్పుడు కట్టుకున్నాను. నువ్వు ధర్మంలో వేశావు, నేను ధరకి ఇచ్చాను. అప్పుడు మా ఆవిడకి మందులు కావాలి. కంపెనీ కొనుక్కుంది. ఇప్పుడది నేను వాయిస్తే నేరం. పాప పెళ్ళిలో కూడా వాయించలేకపోయాను. ఆ మూడు ముక్కలూ వినపడగానే జనం తిట్టుకుంటూ లేస్తారు రత్నం. ఆరేళ్ళ నుంచి రోజూ వింటున్నాను ఆ తిట్లు."

"మరి నన్నెందుకు ధరలో వెయ్యమన్నావు?"

"ధరలో వెయ్యమన్నానా? చేపముక్క అన్నాను." గ్లాసు తీసి మళ్ళీ నా చేతిలో పెట్టాడు. "ఎదురుగా కూర్చుని వినేవాడు ఇచ్చేది అన్నాను. నువ్వు గట్టు మీదకి వెళ్ళి ఆ పాట ఒక్కసారైనా నోటితో పాడావా?"

పాడలేదు. రాశాను, పాడి రికార్డు చేశాను, తెర మీద వేశాను. రాళ్ళ జట్టు ముందు నిలబడి ఎప్పుడూ పాడలేదు. నాకు సిగ్గు.

237వ రోజు

ఒత్తిడి పొద్దున్నే చూసేసి గట్టు మీదకి వెళ్ళాను. నీళ్ళ గది వదిలి వెళ్ళకూడదు. వెళ్ళాను.

చేతులు తగ్గితే మేస్త్రి తగ్గుతుందని శరభయ్య గారే చెప్పారు. పనివాళ్ళే నోటితో పాడుతూ ఉంటే చేతులు ఊపిరిని మించి పోలేవు. నా లెక్క అంతే. నాతో వచ్చిన బాబాయి క్లారినెట్ ఎత్తాడు. నేను పాడాను. తొందర వచ్చినచోటల్లా క్లారినెట్ నన్ను వెనక్కి లాగింది.

ఇద్దరు అందుకున్నారు. మిగిలినవాళ్ళు రాళ్ళు మోస్తూ ఇబ్బందిగా నవ్వారు. "చెవిలో ఒకటి, బయట ఒకటి, గందరగోళంగా ఉందమ్మా," అన్నాడు ఒకాయన. ఆయన తప్పేం లేదు. అందుకున్న ఇద్దరూ కాసేపటికి మానేశారు.

తిరిగొచ్చేటప్పుడు బాబాయి, "పెళ్ళి ఊరేగింపులో ముందు వీధి అంతా ఇలాగే ఉంటుంది. ఎవడూ పట్టించుకోడు," అన్నాడు.

"రెండో వీధిలో?"

"రెండో వీధిలో ఎవరో ఒకరు చిందేస్తారు. వాళ్ళు కావాలి మనకి."

239వ రోజు

వీరవేణి వచ్చింది. రమ్మని నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. బాబాయి అడిగాడట. ఆసుపత్రి నుంచి నేరుగా కట్టుతోనే గట్టు మీదకి వచ్చి, తన జట్టు ఎదురుగా రాళ్ళ పెట్టె బోర్లించి కూర్చుంది. తన చెవిలో ఇప్పుడు మేస్త్రి లేదు. పనిలోంచి తీసేశాక బిళ్ళ కూడా తీసేసుకున్నారు.

కూర్చుని ఎత్తుకుంది. గొంతు కాకిలా ఉంది. నేను కట్టిన మాటలు కావు.

*ఆగవే అలా, కాసేపాగవే*
*కట్టు మార్చుకు వస్తా, ఆగవే*

జట్టు నిలబడిపోయింది. రాయి ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉన్నారు. తర్వాత వీరవేణి ఎడమచేత్తో ఒకామెని చూపించి, "నువ్వు చెప్పవే కనకవల్లీ, నీకేం పనుంది?" అంది.

కనకవల్లి రాయి కుదురుగా దించి, చెయ్యి వెనక్కి తీసుకుని, అప్పుడు పాడింది. *తల దువ్వుకు వస్తా, ఆగవే.* అందరూ నవ్వారు. తర్వాత మొన్న గందరగోళం అన్న పెద్దాయన *బీడీ ముట్టించి వస్తా* అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఏం పాడాలో ఆలోచించుకోవాలి. ఆలోచించేసరికి చేతులు నెమ్మదిస్తాయి.

మధ్యాహ్నానికి కనకవల్లి తన చెవి తట్టుకుని నాకు సైగ చేసింది. మేస్త్రి కూడా తగ్గింది.

నేను అక్కడే చతికిలబడి ఏడ్చాను. అందరూ చూశారు. చూస్తే చూడనీ.

244వ రోజు

జల్లెడలు మూడూ చూశాను. సరైన వాషరు వచ్చింది.

నాలుగు జట్లు పాడుతున్నాయి. ఆరో పంటు జట్టు మీద మాత్రం చెవి మేస్త్రి కాక మనిషి మేస్త్రి కూడా ఒకడున్నాడు, అతను నోరు తెరవనివ్వడం లేదట, అక్కడ పాత జోరే. నీళ్ళ గది వదిలి తిరుగుతున్నానని ఆఫీసు కాగితం పంపింది. ఇంకో కాగితం వస్తే నన్ను ఒడ్డుకి పంపేస్తారు. ఒడ్డున నాకు ఎవరూ లేరు. కాగితం మడిచి ఈ పుస్తకంలోనే పెట్టాను.

వీరవేణికి కూరలు తరిగే చోట పని ఇచ్చారు. ఎడమచేత్తో కత్తి పట్టడం నేర్చుకుంటోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాలుగుసార్లు అనుకున్నాను. ఇవాళ ఉండబట్టలేక, "నా మీద కోపం లేదా?" అని అడిగేశాను.

"ఉంది," అంది ఉల్లిపాయ కోస్తూ. "పాట నాకోసం కట్టానన్నావు. నాకిచ్చే ముందు ఊరందరికీ ఇచ్చావు. అదే నా కోపం."

ఒక ఉల్లిపాయ తీసుకుని నేనూ కోశాను.

249వ రోజు

చెవి మేస్త్రి నా పాట మానేసింది.

పొద్దున్న కనకవల్లి వచ్చి చెప్తే నమ్మలేదు. నా పాటతో చేతులు జోరందుకోవడం లేదు కనక తీసేశారు. గెలిచామని, పక్కనే ఉన్న బాబాయి చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పాను.

"కొత్తది వేశారు," అంది కనకవల్లి.

"ఏది?"

"ఎవరిదో. ధర్మంలోదేనట. బాగుందమ్మాయ్!" అని నడుము మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ ఊగి చూపించింది. "ఇది వేరే రకం. దీనికి నోరు కలపాలంటే మాటలు చిక్కవు, అంత జోరు."

సాయంత్రం దాకా నేను ఒక్కచోట కూర్చోలేదు.

251వ రోజు

నీళ్ళ గదికి తాళం వేసి, మూడు వంతెనలు దాటి తొమ్మిదో పంటుకి వెళ్ళాను. ఆ పాట కట్టిన మనిషి అక్కడుంటాడని తెలిసింది. సత్తిరాజు గారు, దర్జీ. రెండు తడికెల మధ్య చిన్న కొట్టు, కాలితో తొక్కే మిషను, గోడకి రాళ్ళ జట్ల చొక్కాలు వేలాడుతున్నాయి. ఆయనకి యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. చెవిలో బిళ్ళ లేదు. ఆయనకి గట్టు మీదకి వెళ్ళే పనే లేదు.

నా పేరు చెప్పగానే మిషను ఆపేశారు.

"ఆయ్, మీరాండి నూకరత్నం గారంటే! అలపాట మీదే కదండి? కూర్చోండి, కూర్చోండి." స్టూలు మీద గుడ్డముక్కలు తోసేశారు. "మీరు ధర్మంలో వేశారని విన్నాకే నాకూ ధైర్యం వచ్చిందండి. నాదీ వేసేశాను. నిన్న ఆఫీసు వాళ్ళు చెప్పారు, గట్టంతా నా పాటేనట. ఎన్ని చెవులండి బాబూ! మా ఆవిడ ఉంటే నమ్మేది కాదు."

ఆయన ముఖం చూశాను. భోజనాల షెడ్డులో నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

"మీ ఆవిడ..."

"రెండేళ్ళయిందండి. ఆవిడ గురించే పాట. చొక్కాలకి బొత్తాం కాజాలు కుడుతూ నిద్రపోయేదండి, సూది చేతిలో పట్టుకునే. గుచ్చుకోకుండా మెల్లగా తీసేవాణ్ణి. అదే పాట, ఇంకేం లేదు."

చెప్పకుండా వెళ్ళిపోదామనిపించింది. ఇంకో పది రోజులు ఆయన్ని సంతోషంగా ఉండనిస్తే ఏం పోయింది? కానీ పది రోజుల్లో ఎవరి చెయ్యి రాళ్ళ మధ్య పడుతుందో నాకు తెలియదు.

వీరవేణి సంగతి మొదట్నుంచీ చెప్పాను. ఆయన చొక్కా మీది దారప్పోగు ఒకటి తీసి, వేలికి చుట్టుకుంటూ విన్నారు.

"గట్టు మీద నాది ఎలా వినపడుతోందండి?" అన్నారు చివరికి.

కనకవల్లి చూపించినట్టు బల్ల మీద వేళ్ళతో వేశాను. ఆయన కాసేపు విన్నారు. తర్వాత తన అరచెయ్యి నా వేళ్ళ మీద ఉంచి ఆపేశారు.

"అది పెళ్ళి బాజాలా ఉందండి," అన్నారు.

బయట ఎవరో చొక్కా కోసం పిలిచారు. ఆయన సాయంత్రం రమ్మని కేకేశారు. "వెనక్కి తీసుకోవడం కుదరదు కదండి."

"కుదరదండి."

"మరి నేనేం చెయ్యాలి?"

"నాకు నేర్పండి. రేపు మధ్యాహ్నం మీరే గట్టు మీదకి వచ్చి పాడాలి. నేనూ, మా బాబాయీ పక్కన ఉంటాం."

"మిమ్మల్ని ఒడ్డుకి పంపేస్తారేమో కదండి?"

"పంపొచ్చు. అప్పటికి జట్టు చేత వంతులేసి పాడించడం మీకు వచ్చేస్తుంది."

ఆయన నవ్వలేదు. లేచి తడిక తలుపు మూశారు. "నా గొంతు బాగోదండి. తెర మీద దాన్ని బాగుచేసి పెట్టారు. ఉత్త గొంతు మా ఆవిడ తప్ప ఎవరూ వినలేదు."

"ఫర్వాలేదండి."

కళ్ళు మూసుకుని మొదలెట్టారు. నిజంగానే గొంతు బాగోలేదు. రెండో చరణం దగ్గర చీలింది. ఆయన ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. చాలా నెమ్మదైన పాట. నిద్రపోయిన మనిషి చేతిలోంచి సూది తీసేంత నెమ్మది. ఆయన ఒక్కో మాట పాడి ఆగితే, నేను ఆ మాట అన్నాను. నేను తొందరపడినప్పుడల్లా చెయ్యెత్తి ఆపి, మళ్ళీ చెప్పించారు.